చిన్న ఫ్లాట్‌లో స్నానపు నీళ్లకు గ్యాస్ గీజరా, కరెంటు గీజరా?

మేము గ్యాస్ గీజర్ తీసేసి కరెంటు గీజర్ బిగించుకున్నప్పటి నుంచి, అనంతపురంలోని మా అపార్ట్‌మెంట్‌లో ఎదురుపడిన ప్రతివారూ ఒకే ప్రశ్న అడుగుతున్నారు: బిల్లు ఎంత పెరిగింది? అడగవలసిన మొదటి ప్రశ్న అది కాదని నా అభిప్రాయం. అయినా అందరి మనసులోనూ ఉన్నది అదే కనుక ముందు లెక్క చెబుతాను.

ఇరవై లీటర్ల బకెట్ నీళ్లను ఇరవై డిగ్రీల మేర వేడి చేయడానికి సుమారు అర యూనిట్ కరెంటు పడుతుంది. అదే పనికి గ్యాస్ గీజర్‌లో దాదాపు 45 గ్రాముల గ్యాస్ కాలుతుంది, అంటే 14.2 కిలోల సిలిండర్ ఒక్క స్నానాలకే వాడితే మూడు వందల బకెట్లకు వస్తుంది. నలుగురున్న ఇంట్లో రోజుకు రెండు యూనిట్ల చొప్పున నెలకు అరవై యూనిట్లు. ఇంట్లోని మిగతా వాడకం మీద అదనంగా పడే ఇవి, 2022లో ఖరారైన కరెంటు శ్లాబుల్లో 126 నుంచి 225 యూనిట్ల మధ్యకు వస్తే యూనిట్‌కు 6 రూపాయలు కాబట్టి, సర్దుబాటు ఛార్జీలు వదిలేస్తే, 360 రూపాయలవుతుంది. సిలిండర్ తొమ్మిది వందలనుకుంటే గ్యాస్‌కు అయ్యేదీ ఇంచుమించు అంతే. వాడకం 225 దాటితే ఆపై యూనిట్లకు 8.75 పడుతుంది గనుక అప్పుడు గ్యాస్ చౌక. దీపం పథకం కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు అందే ఇళ్లలో ఆ తేడా ఇంకా పెరుగుతుంది. అయితే మన ఊళ్లో వేడినీళ్లు నిజంగా కావలసింది మూడు నెలలే. ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె మీది ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు.

కాబట్టి నా దృష్టిలో ఈ విషయాన్ని తేల్చేది డబ్బు కాదు, స్నానాలగదిలోని గాలి. మాది నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉన్న గది. దాని వెంటిలేటర్ తెరుచుకునేది బయటికి కాదు, పైపులు దిగే ఇరుకైన సందులోకి. గ్యాస్ పూర్తిగా కాలడానికి చాలినంత ప్రాణవాయువు అందకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. సిలిండర్ గ్యాస్ లీకైతే తెలియాలని అందులో వాసన కలుపుతారు, కానీ ఈ వాయువుకు రంగూ లేదు, వాసనా లేదు. పైగా అది రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకుంటుంది.

పోయిన జనవరిలో, చలిగాలి వస్తోందని మా అమ్మ అంటే, ఆ వెంటిలేటర్ రెక్కలకు పాత క్యాలెండర్ అట్ట అడ్డుపెట్టింది నేనే. నాలుగో రోజున ఆమె స్నానం ముగించి, గోడ పట్టుకుని బయటికి వచ్చి, "తల తిరుగుతాంది నాయనా" అంటూ గడప దగ్గరే కూలబడింది. బాల్కనీలో కూర్చోబెట్టి గాలి ఆడనిస్తే అరగంటకు తేరుకుంది. తరువాత గీజర్ కంతలోంచి చూస్తే, నీలంగా ఉండవలసిన మంట పసుపుపచ్చగా ఎగురుతోంది. గ్యాస్ గీజర్‌ను స్నానాలగది బయట, గాలి ఆడే చోట బిగించాలన్న నియమాన్ని మేమూ పట్టించుకోలేదు, బిగించిన మనిషీ గుర్తు చేయలేదు. బాల్కనీ గోడకు బిగించి, నీళ్లు మాత్రమే లోపలికి తెచ్చుకోగలిగిన వారికి నేను గ్యాస్ వద్దని చెప్పను. వెనువెంటనే ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని రావడం దాని గొప్ప సుగుణం. చిన్న ఫ్లాట్లలో ఆ వీలు ఎందరికుంది?

కరెంటు గీజర్‌కు లోపాలు లేవని కాదు. బోరునీళ్ల ఉప్పు దాని హీటింగ్ ఎలిమెంట్ మీద తెల్లని పెచ్చులా పేరుకుని నీళ్లు కాగే సమయాన్ని పెంచుతుంది. థర్మోస్టాట్‌ను యాభై డిగ్రీల దగ్గర ఉంచి, ఏటా ఒకసారి తీయించి శుభ్రం చేయిస్తే అది అదుపులో ఉంటుంది. రెండు కిలోవాట్ల గీజర్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది కనుక ఫ్యాన్లకు, లైట్లకు వేసిన పాత వైరుకు తగిలించకుండా, దానికి వేరే లైను, పదహారు ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగ్, ముప్పై మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ఆగిపోయే బ్రేకర్ పెట్టించాలి. మాకు గీజర్ ధరలో సగం ఈ పనికే అయింది. ఈ ఖర్చు మిగుల్చుకోవాలనుకునేవారు కరెంటు గీజర్ జోలికి పోకపోవడమే మంచిది.

బకెట్‌లో ముంచే హీటర్ కడ్డీ చౌకే, కానీ పిల్లలున్న ఇంట్లో దాని గురించి మాట్లాడటమే అనవసరం. సోలార్‌కు మిద్దె మీద చోటు మన చేతిలో ఉండదు.

కరెంటు పోతే ఏం చేస్తారని ఒకరు అడిగారు. అలాంటి రోజున వంటింటి కిటికీ తెరిచి, పొయ్యి మీద పెద్ద గిన్నెడు నీళ్లు కాచి, బకెట్‌లో చన్నీళ్లతో కలుపుకుంటున్నాం.