ఫ్రీక్యాడ్ 1.0లో టెక్‌డ్రా: మోడల్ వెంట డ్రాయింగ్ ఎంతవరకు నడుస్తుంది?

బాలానగర్‌లోని ఒక చిన్న వర్క్‌షాపుకు జిగ్గుల, ఫిక్స్చర్ల (తయారీలో భాగాన్ని కదలకుండా పట్టి, పనిముట్టుకు దారి చూపే సాధనాల) డ్రాయింగులు తయారుచేసి ఇవ్వడం నా పని. కంప్యూటర్‌లో వస్తువుల 3డి మోడల్ తయారుచేసే ఉచిత సాఫ్ట్‌వేర్ ఫ్రీక్యాడ్‌లో, 2024 నవంబరులో విడుదలైన 1.0 వెర్షన్‌ను అందుకే వాడుతున్నాను. దానిలో మోడల్ నుంచి కొలతలతో కూడిన డ్రాయింగులు తీసే విభాగమైన టెక్‌డ్రా వర్క్‌బెంచ్‌ను ఇక్కడ ఒకే కోణం నుంచి పరిశీలిస్తున్నాను: మోడల్‌ను సవరించిన తరువాత డ్రాయింగ్‌ను కళ్లు మూసుకుని నమ్మవచ్చా?

వ్యూల (మోడల్‌ను ఒక్కో వైపు నుంచి చూపే బొమ్మల) విషయంలో నమ్మవచ్చు. 12 మి.మీ. ప్లేటును 16 మి.మీ. చేస్తే ఎలివేషన్, ప్లాన్, సెక్షన్ వ్యూ, చుక్కల గీతలతో సహా అన్నీ కొత్త ఆకారానికి మారిపోతాయి. వ్యూలను కాగితం మీద అమర్చడానికి మన దగ్గర వాడే ఫస్ట్ యాంగిల్ పద్ధతిని ఎంచుకునే వీలు కూడా ఉంది. పెద్ద అసెంబ్లీలలో ప్రతి మార్పుకూ పేజీ తిరిగి గీయబడుతూ విసిగిస్తుంది కనుక పేజీని తనంత తాను నవీకరించే ‘కీప్ అప్‌డేటెడ్’ను ఆపివేయాలనిపిస్తుంది, అలా ఆపినవారు ప్రింటు తీసే ముందు ‘రీడ్రా పేజ్’ నొక్కడం మరచిపోతే పాత ఆకారమే కాగితం మీదికి వస్తుంది.

డైమెన్షన్ల (డ్రాయింగ్ మీద రాసే కొలతల) విషయం వేరు. టెక్‌డ్రా 3డి ఆకారం నుంచి కనిపించే గీతలను లెక్కగట్టి, వాటికి ఎడ్జ్0, ఎడ్జ్1 అని వరుస సంఖ్యలు ఇస్తుంది. మనం పెట్టిన కొలత ప్రధానంగా ఆ సంఖ్యతోనే గీతను గుర్తిస్తుంది. మందం, పొడవు వంటి విలువలు మాత్రమే మారినప్పుడు సాధారణంగా ఇబ్బంది ఉండదు. కానీ మూలన ఒక ఫిల్లెట్ (గుండ్రటి అంచు) పెట్టినా, కొత్త హోల్ వేసినా గీతల సంఖ్య మారి, ఎడ్జ్7 అనుకున్నది మరో గీత కావచ్చు. 1.0 వెర్షన్‌లో ఎంతో ప్రచారం పొందిన టోపోలాజికల్ నేమింగ్ సవరణ (మోడల్ మారినా దాని అంచుల, ముఖాల పేర్లు తారుమారు కాకుండా చూసేది) ప్రధానంగా మోడల్ లోపలి సంబంధాలను కాపాడేదే కాని, కాగితం మీది ఈ 2డి గీతలకు అదే భరోసా ఇచ్చేది కాదు. కొలత తెగిపోతే నయమే, చూడగానే తెలుస్తుంది, దాన్ని మరమ్మతు చేసే పనిముట్టూ ఉంది. పక్క గీతకు అతుక్కుని, నమ్మదగినట్లు కనిపించే తప్పు అంకెను చూపితేనే అసలు ప్రమాదం. కొలతలను వీలైనంతవరకు స్కెచ్‌కు (మోడల్‌కు మూలమైన 2డి బొమ్మకు) తగిలించడం, ఫిల్లెట్లు, ఛాంఫర్లు (వాలుగా కోసిన అంచులు) పూర్తయ్యాకే డైమెన్షన్లు పెట్టడం నా అనుభవంలో బాగా పనిచేశాయి.

మనిషి చేతులారా తెంపే లంకె ఒకటి ఉంది. డైమెన్షన్‌లో ‘ఆర్బిట్రరీ’ని ఎంచుకుని అంకెను టైపు చేస్తే, మోడల్ ఎన్నిసార్లు మారినా ఆ అంకె మారదు. గడువు మీద పడినప్పుడు ఈ దగ్గరిదారి ఎంత ఊరించినా తొక్కకూడదు.

డ్రాయింగ్ మూలన వివరాలుండే టైటిల్ బ్లాకులోని, ఇది ఎన్నో సవరణో తెలిపే రివిజన్ అక్షరం కూడా తనంత తాను మారదు. అది టెంప్లేట్‌లో మనం దిద్దవలసిన రాత మాత్రమే. ఒకసారి హోళ్ల దూరం మార్చి, డ్రాయింగ్ సరిగ్గా నవీకరించి, ‘ఎ’ను ‘బి’ చేయడం మరచిపోయాను. డ్రిల్లింగ్ మెషీన్ దగ్గర రెండు ‘ఎ’ ప్రింట్లు చేరాయి, పాతదాని ప్రకారం నాలుగు ప్లేట్లకు హోళ్లు పడ్డాయి. తప్పు నాదే, సాఫ్ట్‌వేర్‌ది కాదు. అప్పటి నుంచి పంపిన ప్రతి రివిజన్‌ను వేరే పీడీఎఫ్‌గా దాచి, కొత్తదాన్ని దాని పక్కన పెట్టి కొలతలన్నీ వరుసగా సరిచూస్తున్నాను. ఆ పోలికను టెక్‌డ్రాయే చేసి, మారిన కొలతలకు రంగు వేసి చూపితే ఎంతో మేలు.

రుసుము లేకుండా దొరికే సాధనం కనుక, పదీ పదిహేను భాగాల పనులు చేసే చిన్న వర్క్‌షాపులకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. ఒకే డ్రాయింగ్‌ను నలుగురు దిద్దే చోట మాత్రం, ఏ ప్రతి చెల్లుతుందో నమోదు చేసే పద్ధతిని ముందే విడిగా ఏర్పాటు చేసుకోవాలి, టెక్‌డ్రా ఆ పని చేయదు.