కాలిఫోర్నియాలో టీచర్ కావాలంటే: గోల్డెన్ స్టేట్ గ్రాంటా, రెసిడెన్సీయా?

గోల్డెన్ స్టేట్ టీచర్ గ్రాంటు అంటే టీచర్ ట్రైనింగ్ చదివేవాళ్లకు రాష్ట్రం ఇచ్చే సాయం; రెసిడెన్సీ అంటే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడులను నడిపే సంస్థ) ద్వారా బడిలోనే ఉండి పొందే టీచర్ శిక్షణ. రెండిటికీ 2021లో రాష్ట్రం భారీగానే కేటాయించింది: గోల్డెన్ స్టేట్ టీచర్ గ్రాంటుకు 50 కోట్ల డాలర్లు, రెసిడెన్సీలకు 35 కోట్లు.

డబ్బు: గ్రాంటు విద్యార్థి పేరు మీదే వస్తుంది; అప్పట్లో గరిష్ఠం 20,000 డాలర్లు. రెసిడెన్సీ సొమ్ము స్కూల్ డిస్ట్రిక్ట్‌కు వెళ్తుంది, మీకు స్టైపెండ్ ఎంతన్నది వాళ్లనే అడగాలి.

శ్రమ: గ్రాంటుకు ఫాఫ్సా (చదువుకు ఆర్థిక సాయం కోరే ఫెడరల్ ఫారం) లాంటి దరఖాస్తులు చాలు. రెసిడెన్సీలో ఏడాదంతా అనుభవమున్న టీచర్ పక్కనే క్లాసులో ఉండాలి. అల్లరి క్లాసును అదుపు చేయడం, తల్లిదండ్రులతో మాట్లాడటం అక్కడే వంటబడతాయి. నా దృష్టిలో అసలు లాభం ఇదే.

రిస్క్: గ్రాంటు తీసుకుంటే పేద పిల్లలు, ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు ఎక్కువగా ఉన్న బడిలో నిర్ణీత కాలం పనిచేయాలి, లేకపోతే తిరిగి కట్టాలి. రెసిడెన్సీలో షరతు ఆ డిస్ట్రిక్ట్‌తోనే. ఇల్లు మారే అవకాశముంటే టెన్షనే.

హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చేది) మీదున్న మనవాళ్లకు ఫాఫ్సా దారి మూసే ఉంటుంది, గ్రీన్ కార్డు ఉంటే ఫర్వాలేదు.

ఊరు ఖాయం, అనుభవం సున్నా అయితే రెసిడెన్సీ. ఎక్కడుంటామో తేలనివాళ్లకు గ్రాంటే నయం, అయితే నిధులు ఇంకా ఉన్నాయో లేదో, ఈ ఏడాది షరతులేమిటో ముందే చూసుకోవాలి.