బండి బంగారం, కాగితాలే కొంప ముంచాయి - అమలాపురంలో సెకండ్ హ్యాండ్ బండ్ల షాపు (5కి 2 స్టార్లు)

షాపు పేరు రాయట్లేదండి, మళ్లీ రేపు ఆయన మొహమే చూడాలి. నేను కొన్నది 2017 స్ప్లెండర్, ఏపీ 05 నంబరు, 41 వేలు. బండి విషయంలో మాత్రం వంక పెట్టడానికి లేదండి. ఇంజన్ శబ్దం మెత్తగా ఉంది, టైర్లు కొత్తవి వేశాడు, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కించి నరసాపురం దాకా నాలుగుసార్లు వెళ్లొచ్చాను, ఎక్కడా ఆగలేదు. షాపాయన మర్యాదగానే ఉంటాడు, కూర్చోబెట్టి టీ ఇప్పిస్తాడు, పేరు మార్చే ఫారం 29, ఫారం 30 మీద పాత ఓనరు సంతకాలు ముందే పెట్టించి ఉంచాడు, "అన్నీ క్లియర్ అండి, ఇరవై రోజుల్లో మీ పేరు మీదకొచ్చేస్తుంది" అన్నాడు, నేనూ ఆయ్ అనేసి డబ్బులు చేతిలో పెట్టేశా.

తర్వాత బ్రేకినస్పెక్టర్ ఆఫీసు పనికి వెళ్తే అక్కడ తెలిసింది, సీ బుక్కులో, అదే బండి రిజిస్ట్రేషన్ కార్డులో, ఇంకా ఫైనాన్స్ వాడి పేరు అలాగే ఉంది. కార్డు మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది కదా, నేను ఓనరు పేరు, నంబరు చూసుకుని జేబులో పెట్టేసుకున్నా. పాత ఓనరు అప్పు కంతులన్నీ 2019లోనే కట్టేశాడంట, పాపం నిజమే, కానీ కంతులు అయిపోతే హెచ్‌పీ, అంటే కార్డు మీద ఆ ఫైనాన్స్ పేరు, దానంతట అదే పోతుందనుకున్నాడు. పోదండి. ఫారం 35 మీద ఓనరూ ఫైనాన్స్ వాళ్లూ ఇద్దరూ సంతకం పెట్టి, అప్పు తీరిపోయిందని ఫైనాన్స్ వాళ్లిచ్చే ఎన్‌వోసీతో కలిపి ఇస్తేనే తీస్తారు. అది ఉన్నంతకాలం ఫైనాన్స్ వాళ్లు రాసిస్తే తప్ప పేరు మారదు, 1988 మోటారు చట్టంలో సెక్షన్ 51 అంతా ఈ గొడవే. కంతులు ఎగ్గొడితే ఫైనాన్స్ వాళ్లు బండి పట్టుకుపోయారనుకోండి, ఫారం 36 పెట్టి సీ బుక్కు వాళ్ల పేరుకే మార్చుకోవచ్చు కూడా.

ఇంతకీ ఆ ఓనరు కువైట్‌లో ఉన్నాడు! వాళ్లత్తగారు ట్రంకు పెట్టె తీసి, రేషన్ కార్డు జిరాక్సుల మధ్యలోంచి పసుపు మరకలతో ఒక కాగితం తీసింది, తీరా చూస్తే అదే ఎన్‌వోసీ. ప్రాణం లేచొచ్చింది నాకు. కానీ కింద 90 రోజులే చెల్లుతుందని రాసుంది, తేదీ 2019. మళ్లీ కొత్తది కావాలని కాకినాడలో ఫైనాన్స్ ఆఫీసుకి రెండుసార్లు తిరిగాను, అక్కడ ఏదో లేటు ఫీజు 1,850 బాకీ ఉందని చెప్పారు, అదీ నేనే కట్టాను, ఫారం 35 కువైట్ వెళ్లి సంతకంతో తిరిగొచ్చేసరికి నెల దాటిపోయింది. ఈలోపు ఏదైనా యాక్సిడెంట్ అయితే నా పరిస్థితేంటని రాత్రుళ్లు నిద్ర లేదండి, ఇన్సూరెన్సూ పాత ఓనరు పేరు మీదే, అందులో కూడా ఫైనాన్స్ వాడి పేరు. బండి మొత్తం పోయినా క్లెయిమ్ డబ్బులు ఇచ్చే ముందు ఇన్సూరెన్స్ వాళ్లు ఆ ఫైనాన్స్ వాళ్లనే అడుగుతారంట. సీ బుక్కులో తీయించినా పాలసీలో విడిగా తీయించుకోవాలి, ఇది ఎవరూ చెప్పరు.

మా తోడల్లుడి కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, వాడికి ఫోన్లో చెప్తే నవ్వాడు. అక్కడ రిజిస్ట్రేషన్ వేరు, టైటిల్ అని ఓనర్‌షిప్ కాగితం వేరంట, లోను తీరేదాకా టైటిల్ అప్పిచ్చినవాడి దగ్గరే ఉంటుందంట. మనకి అన్నీ ఆ ఒక్క కార్డులోనే, అదీ మన జేబులోనే ఉంటుంది కాబట్టి బండి మనదే అనుకుంటాం.

ఈ షాపులో కొనాలనుకుంటే కొనండి, బండ్లు బాగుంటాయి. కానీ అడ్వాన్స్ ఇచ్చే ముందు అక్కడే నిలబడి బండి వివరాలు చూపించే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫైనాన్సర్ అన్న చోట ఏముందో చూడండి. పేరుంటే హెచ్‌పీ తీయించి ఇస్తేనే మిగతా డబ్బులని చెప్పండి, టీ తాగాక మొహమాటం వస్తుంది కాబట్టి తాగకముందే చెప్పండి. కాకినాడ తిరిగిన ఖర్చూ ఆ 1,850 ఇచ్చేస్తానని షాపాయన సంక్రాంతికి ముందు అన్నాడు, ఇప్పుడు మామిడికాయలు కూడా వచ్చేశాయి. ఇస్తే ఇంకో స్టార్ పెడతానండి.