ఆశాకు ఇంకాస్త శిక్షణా, ఊరికి కొత్త నర్సా: సర్కారు సొమ్ము దేనికి పెడితే మేలు?

హైదరాబాద్ కోఠిలో ఆశాల (ఊళ్లో ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తల) ధర్నా అంటే జీతం మాటే వినిపిస్తుంది. అది న్యాయమే. కానీ శిక్షణకు పెట్టే డబ్బు గురించి హైదరాబాద్‌లో ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఆశాలను నడిపే జాతీయ ఆరోగ్య మిషన్ ఖర్చులో కేంద్రం 60 శాతం భరిస్తే, రాష్ట్రం 40 శాతం పెట్టుకోవాలి. ఆ డబ్బుతో ఊరికి ఎవరిని తయారుచేసుకోవాలి?

ఉన్న ఆశాలకే మరింత నేర్పడం ఒక దారి. వెయ్యి జనాభాకు ఒకరు, ఆ ఊళ్లోనే ఉండే మనిషి. తొలి శిక్షణ కొద్ది రోజులేనని తీసిపారేయొద్దు. బాలింత ఇంటికెళ్లి, పసిబిడ్డను జోలెలో పెట్టి స్ప్రింగ్ కాటాకు తగిలించి బరువు చూస్తుంది. వాచీ పట్టుకుని నిండు నిమిషం ఊపిరి లెక్కపెడుతుంది. 60 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఆస్పత్రికి పంపాల్సిందే. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డనైతే 42 రోజుల్లో ఆరుసార్లు చూసి రావాలి. దీనికి డిగ్రీ అక్కర్లేదు, చేయి తిరగాలి. హాల్లో కూర్చోబెట్టి, స్లైడ్లు చూపించి, భోజనం పెట్టి పంపిస్తే డబ్బు దండగ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లోనే, బిడ్డల్ని చేతికిచ్చి నేర్పాలి.

నర్సింగ్ చదివినవాళ్లకు 6 నెలల అదనపు (బ్రిడ్జి) కోర్సు చెప్పి, పీహెచ్‌సీ కింద ఊళ్లలో ఉండే సబ్ సెంటర్‌కు పంపడం ఇంకో దారి. 2018 నుంచి ఊపందుకుంది. బీపీ, షుగర్ రోగులకు ఊళ్లోనే మందులు అందుతాయి, మనిషీ త్వరగా తయారవుతుంది. కాకపోతే నగరంలో చదివినవాళ్లను నగరంలోని కార్పొరేట్ ఆస్పత్రులు లాగేసుకుంటాయి. బాండ్ రాయించుకున్నా, గడువు ముగిసిన మర్నాడే బస్సెక్కితే చేసేదేముంది?

నన్నడిగితే ఇంటర్ పాసైన ఆశాలను రెండేళ్ల ఏఎన్ఎం (ఊరి నర్సు) కోర్సు చదివించడమే మేలు. టీకాలు వేయగలుగుతుంది, పైగా ఊరు వదిలే అవకాశం తక్కువ. అయితే ఫీజు కడితే సరిపోదు. ఆశాకు వచ్చేది చాలావరకు పనిని బట్టి ఇచ్చే పారితోషికం. క్లాసుకెళ్తే అదీ పోతుంది. కాబట్టి నెలనెలా స్టైపెండ్ ఇవ్వాలి, కాలేజీ జిల్లాలోనే ఉండాలి. ఆ రెండేళ్లూ ఊళ్లో ఆమె పని చూసే మనిషికీ డబ్బు కావాలి. ఇదే అసలు ఖర్చు.

2005లో ఈ మిషన్ (అప్పట్లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్) మొదలైనప్పుడు చేరిన ఆశాలకు కోర్సు వయసు దాటిపోయింది. వాళ్లకు పీహెచ్‌సీ శిక్షణే దారి. రెండిటికీ డబ్బు చాలదంటారా, కోత హైదరాబాద్‌లో జరిగే వర్క్‌షాపులతో మొదలుపెట్టొచ్చు.