జార్జియా క్యూబ్: మా కాలనీ చెరువులో చేపల కోసం దింపిన గూళ్లు

అయిదుకి నాలుగు మార్కులు ఇస్తాను.

చెరువు అడుగు ఉత్త బురదగా, చదునుగా ఉంటే చేప ఒక చోట నిలవదు. అమెరికాలో చాలా రిజర్వాయర్లు కట్టి యాభై ఏళ్లు దాటింది. అప్పుడు మునిగిన చెట్లు కుళ్లిపోతున్నాయి. అందుకే ఇక్కడి మత్స్యశాఖలు అడుగున గూళ్లు దింపుతుంటాయి. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్లు వాటి జీపీఎస్ గుర్తులు కూడా గాలం వేసేవాళ్ల కోసం బయట పెడతారు. ఆ గూళ్లలో ఒక రకమే జార్జియా క్యూబ్. డాలస్‌కి ఉత్తరాన మా కాలనీ చెరువుకి, కమిటీ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, నేనూ మా పక్కింటి అన్నా అవి తయారుచేశాం.

పీవీసీ పైపులతో నాలుగడుగుల పెట్టెలాంటి చదరపు చట్రం, దాని లోపల అటూ ఇటూ దూర్చిన నల్లటి ముడతల డ్రైనేజీ గొట్టం, అంతే సరుకు. అడుగు పైపుల్లో సన్న కంకర పోయాలి. పైపులకీ గొట్టానికీ చిల్లులు తప్పనిసరి, లేకపోతే లోపలి గాలి దాన్ని మునగనివ్వదు. జిగురు బాగా ఆరాకే నీళ్లలోకి దించాలి. డ్రిల్లు చేసినప్పుడు రాలే ప్లాస్టిక్ పొట్టు ఒక్కటి కూడా గట్టున వదలకండి.

అసలు గొప్పతనం ఆ ముడతల్లో ఉంది. వాటి మీద నాచు పడుతుంది, నాచుకి పురుగులు చేరతాయి, పురుగుల కోసం బ్లూగిల్ అనే చిన్న చేపల పిల్లలు, వాటి కోసం బాస్ అనే వేట చేప. మా ఊరి చెరువులో దొంగవలలు పడకుండా తుమ్మకంప వేసేవాళ్లు. చేపలు ఆ కంప చుట్టూనే తిరిగేవి. కానీ కంపలో గాలం పడితే తెగాల్సిందే. క్యూబ్‌లో అయితే గాలం ముల్లు నున్నటి పైపు మీంచి జారి వచ్చేస్తుంది. పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇది చాలా పెద్ద సుఖం.

జనవరిలో వీధుల్లో పారేసే క్రిస్మస్ చెట్లు ఉచితం, మొదట్లో చేపలు బాగా చేరతాయి కూడా. అయితే సన్న కొమ్మలు కొన్నేళ్లకే కుళ్లి మోడు మిగులుతుంది. క్యూబ్ అలా కాదు, ఏళ్ల తరబడి ఉంటుంది. పాత టైర్లు మాత్రం ఎవరు చెప్పినా వద్దు. 1970లలో ఫ్లోరిడా తీరంలో ఇరవై లక్షల దాకా టైర్లు ముంచారు. కట్లు తెగి అవి పగడపు దిబ్బల మీద పడ్డాయి, ఇప్పటికీ తీస్తూనే ఉన్నారు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, క్రాపీ అనే చేపకి నిలువు కొమ్మలంటే ఇష్టం. బకెట్ సిమెంట్‌లో వెదురు కర్రలు నిలబెట్టి పక్కనే దింపాం, క్రాపీ ఎక్కువగా అక్కడే పడుతోంది. క్రాపీ వేపుడు తిన్నవాళ్లకి ఈ తేడా చిన్నది కాదు. పైగా క్యూబ్ చిన్న పడవలో పట్టదు, ఇద్దరు మనుషులు కావాలి.

లోతు విషయంలో తొందరపడొద్దు. ఎండాకాలంలో వేడి నీళ్లు పైన, చల్లని నీళ్లు కింద విడిపోయి, కింది పొరలో ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడ ఎంత మంచి గూడు పెట్టినా చేప రాదు. మాది చిన్న చెరువు కాబట్టి పదడుగుల లోపే ఉంచాం. పెద్ద సరస్సుల్లో అయితే దాన్ని చూసే సంస్థ అనుమతి లేకుండా ఒక్క కర్ర కూడా ముంచకండి. అక్కడ ఇప్పటికే ఉన్న గూళ్ల గుర్తులు ఫోన్లో పెట్టుకుని వెళ్తే సరిపోతుంది.