ఎలుకల పేలు, మైట్ల సర్వే కిట్: పొలంలో నెగ్గింది, ప్రయోగశాలలో తేలిపోయింది

పొలాల గట్ల మీద, ఊరి శివారు పొదల్లో, అడవి అంచుల్లో తిరిగే చిన్న క్షీరదాల ఒంటి మీది పేలను, మైట్లను (సాలీళ్ళ వంశానికి చెందిన అతిచిన్న జీవులను) సర్వే చేయడానికి కావలసిన సామగ్రినంతా ఒకే పెట్టెలో సర్ది అమ్ముతున్న ఒక కిట్‌ను మా జంతుశాస్త్ర విభాగం కొన్నది. అమ్మిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటి పెట్టెల్లో ఉండే వస్తువులు దాదాపు ఇవే కనుక, ఎవరి దగ్గర కొనేవారికైనా ఈ సమీక్ష పనికొస్తుందని అనుకుంటున్నాను. ధర 30 వేల రూపాయలకు కాస్త లోపు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: ఎలుకను పట్టి, దాని ఒంటి మీది జీవులను దులిపి, సీసాలో వేసేవరకూ ఈ కిట్ చక్కగా పనిచేస్తుంది, ఆ సీసాలో ఉన్నది ఏ జాతో తేల్చవలసిన చోట మాత్రం చేతులెత్తేస్తుంది. దీన్ని కూర్చినవారికి ఎలుకలను పట్టడం బాగా తెలుసు, మైట్లను పోల్చుకోవడం మాత్రం అంతగా తెలియదు.

జాతి తేల్చడం మీద ఇంత పట్టుదల ఎందుకంటారా? స్క్రబ్ టైఫస్ జ్వరానికి కారణమైన ఓరియెన్షియా సుత్సుగముషి అనే బ్యాక్టీరియాను మనిషికి అంటించేవి లెప్టోట్రాంబిడియం ప్రజాతికి చెందిన చిగ్గర్ మైట్లు. మన దేశంలో వాటిలో ముఖ్యమైనది లెప్టోట్రాంబిడియం డెలియెన్స్. దాని జీవితం మొత్తంలో జంతువుల ఒంటిని పట్టుకునేది ఆరు కాళ్ళ లార్వా దశ ఒక్కటే. తర్వాతి దశలు నేలలోనే ఉండి చిన్న కీటకాలను, వాటి గుడ్లను తిని బతుకుతాయి. మామూలుగా ఒక్కసారే కుట్టే లార్వా ఆ కాటుతోనే రోగాన్ని అంటించాలంటే బ్యాక్టీరియా దానికి తల్లి నుంచే సంక్రమించి ఉండాలి, నిజంగా జరిగేదీ అదే. ఒక్కో ఎలుక మీద సగటున ఎన్ని చిగ్గర్లున్నాయో చెప్పే చిగ్గర్ సూచిక 0.69 దాటితే అప్రమత్తం కావాలన్నది మన దేశపు సర్వేల్లో తరచు వాడే హద్దు. చెవిలో కనిపించిన ప్రతి ఎర్రచుక్కనూ ఏ జాతో చూడకుండా ఆ లెక్కలో కలిపేస్తే వచ్చే అంకెకు విలువ ఉండదు. రాయలసీమ నుంచి ఉత్తరాంధ్ర దాకా ఈ జ్వరం కేసులు బయటపడుతూనే ఉన్నాయి కనుక, మన కళాశాలలకు ఇది ఎక్కడో దూరదేశపు అంశం కాదు.

పెట్టెలోని బోన్లు అల్యూమినియం రేకుతో చేసినవి, మడిచి బల్లపరుపుగా సర్దుకోవచ్చు. ఫ్లోరిడాకు చెందిన జంతుశాస్త్రవేత్త హెచ్.బి. షెర్మన్ రూపొందించిన నమూనాకు ఇవి నకళ్ళు: 3 అంగుళాల వెడల్పు, 3.5 అంగుళాల ఎత్తు, 9 అంగుళాల పొడవు. లోపలి మీట సున్నితంగా ఉంది, చిట్టెలుక అడుగు పెట్టినా తలుపు పడుతుంది. అయితే ఎదిగిన పెద్ద పందికొక్కు ఈ బోనులో పట్టదు. తల దూర్చినా తలుపు దాని వీపు మీద ఆగిపోతుంది. చిట్టెలుకలు, పొలం ఎలుకలు, జెర్బిళ్ళ వరకూ ఇవి సరిపోతాయి. పందికొక్కుల కోసం బజారులో దొరికే ఇనుప ఊచల బోను కొనుక్కోవడం తప్పదు. ఎండ ఎక్కకముందే బోన్లు ఎత్తేయాలన్న హెచ్చరిక కిట్‌తో వచ్చిన కరపత్రంలో ఎక్కడా లేదు. రేకు వేడెక్కితే లోపలి జంతువు చచ్చిపోతుంది, చల్లబడుతున్న శరీరాన్ని వదిలి ఫ్లీలు (దూకే చిన్న రక్తం పీల్చే కీటకాలు), చురుకైన మైట్లు దారి చూసుకుంటాయి. గోదావరి, కృష్ణా డెల్టాల్లో రైతులు వాడే ఎలుక బుట్టలతో ఈ సర్వే కుదరకపోవడానికి కారణం కూడా ఇదే: బుట్టలో పడ్డ ఎలుక అక్కడికక్కడే చస్తుంది, తెల్లవారి తీసేసరికి దాని మీద మిగిలేవి వెంట్రుకలను గట్టిగా పట్టుకున్న పేలు, చర్మంలో నోరు దించిన చిగ్గర్లు మాత్రమే. ఎర విషయంలో కరపత్రం సూచించిన వేరుశనగ ముద్దకంటే ఎండుచేప ముక్క, మిగిలిన పకోడీ బాగా పనిచేశాయన్నది మా అనుభవం.

కిట్‌లో నాకు అన్నిటికంటే నచ్చినవి తెల్లగుడ్డ సంచులు. దళసరి నేత, నోటికి నాడా, అన్నిటికీ మించి కుట్టు మడతలు సంచి బయటివైపుకు వచ్చేలా కుట్టారు. ఎలుకను బోనులోంచి సంచిలోకి దింపినప్పుడు దాని ఒంటి మీదివి కొన్ని రాలుతాయి. మడతలు లోపల ఉంటే అవి అందులో దూరి, తర్వాత అదే సంచిలోకి వచ్చే మరో జంతువు లెక్కలో చేరతాయి. పేల విషయంలో ఇది పెద్ద తప్పుకు దారి తీస్తుంది. ఒక్కో పేను జాతి సాధారణంగా ఒకటి రెండు ఆతిథేయ జాతులకే (తాను పట్టుకుని బతికే జంతు జాతులకే) పరిమితమై ఉంటుంది కనుక, ఏ జంతువు మీద దొరికిందన్నదే దాని గుర్తింపులో సగం. ఎలుక మీద ఉండవలసిన పాలిప్లాక్స్ స్పైనులోసా అనే పేను చుంచు పేరుతో నమోదైతే, ఆ రికార్డును చూసినవారు కొత్త విషయం కనిపెట్టామనుకుని తప్పుదారి పడతారు. వాడిన ప్రతి సంచినీ తిరగేసి చూసి, ఉడికించి, ఆ తర్వాతే మళ్ళీ వాడాలన్న సూచన కరపత్రంలో స్పష్టంగా ఉండడం సంతోషం.

దువ్వెన దగ్గరికొస్తే కథ మారుతుంది. ఇచ్చినది ప్లాస్టిక్ దువ్వెన, పళ్ళ మధ్య సందు ఎక్కువ, కొన కూడా మొద్దు. ఎలుక పేను పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది, వెడల్పు అందులో సగం కూడా ఉండదు, పైగా వెనక కాళ్ళ గోళ్ళతో వెంట్రుకను కొక్కెం వేసినట్టు పట్టుకుంటుంది. ఈ దువ్వెన దాని మీదుగా జారిపోతుందే తప్ప దాన్ని లాగలేదు. మందుల దుకాణంలో దొరికే స్టీలు పేలదువ్వెన ఇంతకంటే ఎన్నో రెట్లు నయం. మెడ నుంచి తోక మొదలు వరకూ వెంట్రుకల వాలుకు ఎదురుగా, తెల్లని ఎనామెల్ పళ్ళెం మీద దువ్వితే, రాలిన గోధుమరంగు లేలాప్స్ మైట్లు పరుగందుకుంటాయి. అప్పుడు ఆల్కహాల్‌లో ముంచిన సన్నని కుంచె మొనతో తాకితే అవి దానికి అంటుకుపోతాయి. కిట్‌లోని కుంచెలు ఈ పనికి సరిగ్గా తగినవి, మొన చెదరలేదు. చిగ్గర్లకు ఈ పద్ధతి పనికిరాదు. అవి చెవి లోపలి ముడతల్లో గుంపుగా, నారింజరంగు పొడి చల్లినట్టు కనిపిస్తాయి, పట్టకారుతో పీకితే నోటిభాగాలు చర్మంలోనే ఉండిపోతాయి. ఆ నోటిభాగాల మీది పాల్పుల (నోటి పక్కనుండే చిన్న అవయవాల) గోరు ఎన్ని చీలికలుగా ఉందో చూడకుండా ప్రజాతి చెప్పడం కష్టం. లెప్టోట్రాంబిడియంలో అది మూడు చీలికలుగా ఉంటుంది. కనుక చిగ్గర్లను అవి పట్టుకున్న చర్మపు పలచని పొరతో సహా గీకి తీయాలి, లేదా చనిపోయిన జంతువైతే చెవినే కత్తిరించి ఆల్కహాల్‌లో వేయాలి. దీనికి అవసరమైన చిన్న చాకు గానీ, పని జరిగే క్రమం గానీ పెట్టెలో లేవు.

చేతితొడుగుల సంగతి క్లుప్తంగా చెబుతాను: ఇచ్చినవి పలచని రబ్బరువి, పందికొక్కు పంటికి అవి ఆగవు. లెప్టోస్పైరోసిస్ వంటి రోగాలు ఎలుకల మూత్రం ద్వారా వస్తాయి కాబట్టి పైన తోలు తొడుగులు, లోపల రబ్బరువి రెండూ ఉండాలి. ప్యాంటు అంచులకు, మేజోళ్ళకు పూయడానికి డీట్ కలిసిన పురుగుల నిరోధకం విడిగా కొనుక్కోవాలి. సంస్థాగత జంతు నైతిక కమిటీ అనుమతి, రక్షిత జంతువులైతే అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలన్న మాట కరపత్రంలో ఒక్క వాక్యమైనా ఉండవలసింది.

సీసాలు, చీటీల విషయంలో అమ్మకందారు చేసిన పొదుపు నాకు అర్థం కాలేదు. సీసా మూతలకు లోపల రబ్బరు వలయం లేదు, 70 శాతం ఆల్కహాల్ నెమ్మదిగా ఆవిరైపోతుంది. చీటీలు సీసా బయట అంటించే స్టిక్కర్లు. ఒక్క చుక్క ఆల్కహాల్ ఒలికితే పెన్ను రాత అలికేసినట్టు పోతుంది. ఆతిథేయ జంతువు సంఖ్య, జాతి, ఆడో మగో, ఊరు, అక్షాంశ రేఖాంశాలు, తేదీ, సేకరించినవారి పేరు పెన్సిల్‌తో చిన్న కాగితం మీద రాసి ఆ కాగితాన్ని సీసాలోపలే వేయడం మ్యూజియంలలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. డీఎన్ఏ పరీక్షకు పంపే నమూనాలకు 95 శాతానికి తగ్గని ఆల్కహాల్ వేరే సీసాలో ఉండాలన్న సంగతినీ కరపత్రం విస్మరించింది.

ఇక పెట్టె ధరలో అధికభాగం తినేసే స్టీరియో మైక్రోస్కోప్ 20 రెట్లు, 40 రెట్లు పెద్దదిగా చూపుతుంది. వేరుచేసే పనికి ఇది మంచి పరికరం: కటకానికీ పళ్ళానికీ మధ్య చేయి ఆడించడానికి చాలినంత జాగా ఉంది, బ్యాటరీ మీద నడిచే ఎల్ఈడీ వెలుతురు పైనుంచీ కిందనుంచీ వస్తుంది, పీఠం పలక ఒకవైపు తెలుపు, మరోవైపు నలుపు. పాలిపోయిన చిగ్గర్లను నలుపు మీద, గోధుమరంగు లేలాప్స్‌లను తెలుపు మీద చూస్తే కళ్ళు అలసిపోవు. అయితే కరపత్రం మీద పెద్ద అక్షరాలతో రాసిన "జాతి స్థాయి వరకూ గుర్తించవచ్చు" అన్న హామీ నిలబడేది కాదు. చిగ్గర్ లార్వా పొడవు మిల్లీమీటరులో ఐదోవంతు ఉంటుంది. దాని వీపు మీది స్క్యూటం అనే పలక ఆకారం, దాని మీది రోమాల అమరిక, సెన్సిల్లాలనే రెండు జ్ఞానరోమాలు దారంలా ఉన్నాయా గదలా ఉబ్బి ఉన్నాయా అన్నవి 400 రెట్లకు తక్కువలో కనిపించవు. పేలలోనూ అంతే: హోప్లోప్లూరా అనే మరో పేను ప్రజాతిని పాలిప్లాక్స్ నుంచి వేరు చేయాలంటే ఉదరం మూడో ఖండపు అడుగు పలక పక్కలకు సాగి అంచు పలకలను తాకుతోందో లేదో చూడాలి, అది స్లైడు మీద, కాంపౌండ్ మైక్రోస్కోప్ కింద చేసే పని.

స్లైడు చేయడానికి ఇచ్చిన సామగ్రి కిట్‌లో అత్యంత బలహీనమైన భాగం. నమూనాను స్లైడు మీద నిలిపే హోయర్స్ ద్రవం సీసా మూత చుట్టూ స్ఫటికాలు కట్టి ఉంది, రంగు ముదిరింది, వడపోయకపోవడం వల్ల గమ్ తునకలు తేలుతున్నాయి. చిగ్గర్ పక్కన అలాంటి తునక ఒకటి ఉంటే రోమమేదో చెత్త ఏదో పోల్చుకోలేము. కవర్ గ్లాసులు 22 మిల్లీమీటర్ల చదరపువి. వాటి కింద ద్రవం ఎక్కువ వేయవలసి వస్తుంది, గాజు దించగానే ఆ ద్రవంతో పాటు చిగ్గర్ కొట్టుకుపోయి అంచుకు చేరుతుంది, కాళ్ళు ఒకవైపుకు ముడుచుకుంటాయి. 12 మిల్లీమీటర్ల గుండ్రని గాజుతో, గుండుసూది తలకంటే కాస్త పెద్ద చుక్క వేసి, చిగ్గర్‌ను పొట్ట కిందికి వచ్చేలా చుక్క అడుగుకు నొక్కి, గాజును ఏటవాలుగా ఆనించి వదిలితే కాళ్ళు విచ్చుకుని నిలుస్తాయి. తర్వాత 45 డిగ్రీల దగ్గర వారం రోజులు ఆరబెట్టి అంచు చుట్టూ వార్నిష్ పూయాలి. విశాఖ, కాకినాడ వంటి తీరపు ఊళ్ళలో ఇది చేయకపోతే హోయర్స్ ద్రవం గాలిలోని తేమను పీల్చి మెత్తబడుతుంది. పేలకు వేరే దారి ఉంది: 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో లోపలి కండను కరిగించి, కడిగి, ఆల్కహాల్ మెట్లలో నీరు తీసి కెనడా బాల్సం అనే చెట్టు జిగురులో నిలపాలి. ఆ క్షారం గానీ బాల్సం గానీ పెట్టెలో లేవు, పేల కోసమూ హోయర్స్‌నే వాడమంటుంది కరపత్రం. ఆ స్లైడు ఈ ఏటి పాఠానికి సరిపోతుందేమో గానీ, కోల్‌కతాలోని భారత జంతు సర్వేక్షణ సంస్థ వంటి చోట దశాబ్దాల పాటు దాచడానికి తగదు.

నమోదు పత్రంలో "మైట్లు: ఉన్నాయి, లేవు" అనే గడి ఒక్కటే ఇచ్చారు. ఎన్ని జంతువులను పరిశీలించారు, వాటిలో ఎన్నింటి మీద ఒక్కటైనా దొరికింది, దొరికినవాటి మీద సగటున ఎన్ని ఉన్నాయి అన్న మూడూ వేర్వేరు గడుల్లో ఉండాలి. ఏమీ దొరకని జంతువుకూ ఒక వరుస ఉండాలి. మేము పత్రం మళ్ళీ గీసుకున్నాము.

ఫిర్యాదు చేస్తే అమ్మకందారు మర్యాదగానే స్పందించి కొత్త హోయర్స్ సీసా పంపారు, అదీ అదే తీరున ఉంది. చివరికి ప్రయోగశాలలోనే చేసుకున్నాము: స్వేదనజలం 50 మిల్లీలీటర్లు, గమ్ అరబిక్ 30 గ్రాములు, క్లోరల్ హైడ్రేట్ 200 గ్రాములు, గ్లిజరిన్ 20 మిల్లీలీటర్లు, ఇదే వరుసలో, వేడి చేయకుండా కరిగించి గాజు ఉన్నిలో వడపోయాలి. మైక్రోస్కోప్, సంచులు, పళ్ళెం, కుంచెలు విడిగా ఇస్తారా అని అడిగితే ఇస్తామన్నారు. ఆ నాలుగూ కలిపి తీసుకుంటే ధర దాదాపు మూడోవంతు తగ్గుతుంది, మరో విభాగం అడిగినప్పుడు నేను అలాగే కొనమని చెప్పాను.