జాగ్రత్త: బార్డర్ థైరాయిడ్ అని భయపెట్టి కిట్టు అంటగడుతున్నారు, కర్నూలు వాళ్లు చదవండి

నీరసం, జుట్టు రాలడం, కాళ్లు లాగడం అంటూ నెలల తరబడి తిరుగుతున్న అక్కాచెల్లెళ్లకు ఈ మాట చేరాలని రాస్తున్నా. ఫుల్ బాడీ చెకప్ అని రక్తం తీసుకుని, రిపోర్టులో కొంచెం అటూ ఇటూ ఉన్న అంకెలు చూపించి మందుల కిట్టు అమ్మే చోట 23,600 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బుతో పోయుంటే ఇంత రాసేదాన్ని కాదు. ఆ కిట్టు నా తర్వాతి రక్తపరీక్షను కూడా చెడగొట్టింది. అదెలాగో మీకు తెలియాలి.

నాకు 39 ఏళ్లు. సి క్యాంపు దగ్గర రెండో అంతస్తులో అద్దెకుంటాం. పోయిన ఎండాకాలం నుంచి కింద కుళాయి దగ్గర పట్టిన బిందెను ఒక్క ఊపున పైకి తేలేకపోయాను. మొదటి అంతస్తు మలుపులో, ఆ విరిగిన మెట్టు మీద బిందె దించి, గోడకు ఆనుకుని కూర్చుంటే గానీ ఊపిరి అందేది కాదు. దువ్వెన నిండా వెంట్రుకలు. మధ్యాహ్నం రెండయ్యేసరికి కళ్లు వాలిపోయేవి. మా అత్తమ్మ సరిగ్గా తినవని కోప్పడేది. నేనేమో వయసు అనుకున్నా.

అప్పుడే ఫోన్‌లో ఇంటికొచ్చి రక్తం తీస్తామన్న ప్రకటన చూశాను. 1,999 రూపాయలకు ఎనభైకి పైగా పరీక్షలు. రెండ్రోజులకు రంగురంగుల రిపోర్టు వచ్చింది. ప్రతి పరీక్ష పక్కన బండి స్పీడు మీటరు లాంటి బొమ్మ. నాకు మూడు చోట్ల ముల్లు నారింజ రంగులో ఆగింది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే అంకె) 5.9, విటమిన్ డి 22, బీ12 238. కర్నూలు ఎండలో ఉండి విటమిన్ డి తక్కువేంది అని మా ఆయన అడిగాడు. రోజంతా ఇంట్లో, నీడన ఉండేవాళ్లకు ఎక్కడైనా తగ్గుతుందని తర్వాత తెలిసింది.

ఉచితంగా డాక్టరుతో మాట్లాడండి అని వాళ్ల సెంటరుకు పిలిచారు. తెల్లకోటు వేసుకున్నతను ఎర్ర పెన్నుతో మూడు అంకెల చుట్టూ సున్నాలు చుట్టి, "మేడమ్, మీరు బార్డర్‌లో ఉన్నారు. ఇప్పుడు ఆపకపోతే జీవితాంతం మాత్ర మింగాల్సిందే" అన్నాడు. మా అమ్మ ఇరవై ఏళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. ఆ ఒక్క మాటకు నేను పడిపోయాను. మూడు నెలల కిట్టు 11,800. అక్కడే ఫోన్‌పేలో కట్టేశాను. ఆయన డాక్టరు కాదని, సెంటరులో సలహాలిచ్చే ఉద్యోగి అని చాలా రోజులకు గానీ తెలియలేదు. మీరు మాత్రం కూర్చోకముందే అడగండి, "మీరు ఏం చదివారు" అని. అడగడంలో తప్పులేదు.

మూడు నెలల తర్వాత వాళ్లే మళ్లీ రక్తం తీశారు. టీఎస్‌హెచ్ 0.8. ముల్లు పచ్చరంగులోకి వచ్చింది. థైరాయిడ్ గ్రంథి వదిలే హార్మోన్ ఫ్రీ టీ4 పైగీత దాటితే "థైరాయిడ్ బాగా పనిచేస్తోందని అర్థం" అన్నారు. సంతోషంతో ఇంకో కిట్టు కొన్నాను. కానీ బిందె మాత్రం ఆ విరిగిన మెట్టు మీదే దిగుతోంది. రిపోర్టు బాగుంది, నేను బాగాలేను. ఆ నెలంతా తప్పు నా ఒళ్లు బద్ధకంలోనే ఉందేమోనని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ బాధ ఇంకెవరూ పడొద్దు.

చివరికి మన పెద్దాసుపత్రి ఓపీలో చూపించుకున్నాను. పొద్దున ఏడింటికి క్యూలో నిలబడితే పదకొండుకు పిలిచారు. డాక్టరమ్మ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. "ఏమ్మా, గుండె దడ ఉందా? చేతులు వణుకుతున్నాయా? బరువు తగ్గావా?" ఏదీ లేదన్నా. "అయితే ఈ అంకెలు నీవి కావు. ఏం మింగుతున్నావో డబ్బాతో సహా పట్టుకురా" అంది.

మరుసటి రోజు తీసుకెళితే, డబ్బా వెనక్కి తిప్పి చిన్న అక్షరాల్లో ఒక వరుస కింద గీత గీసింది. బయోటిన్ 10,000 మైక్రోగ్రాములు. జుట్టు కోసం అమ్మే విటమిన్ అది. మన ఒంటికి రోజుకు కావాల్సింది 30, 40 మైక్రోగ్రాములే. ఆమె చెప్పింది నాకు అర్థమైనంత వరకు ఇది: చాలా ల్యాబుల మిషన్లు రక్తంలో హార్మోన్‌ను పట్టుకోవడానికి బయోటిన్‌నే జిగురులా వాడతాయి. మన రక్తంలో కూడా బయోటిన్ నిండుగా ఉంటే ఆ జిగురు దెబ్బతింటుంది. టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, టీ4 ఎక్కువ చూపిస్తుంది. కొన్ని మిషన్లలో విటమిన్ డి, బీ12 కూడా ఎక్కువగా కనపడతాయి. అంటే జబ్బు ఉన్నచోటే ఉంటుంది, కాగితం మీద మాత్రం తగ్గిపోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద 2017లో ఒకసారి, 2019లో మరోసారి హెచ్చరించింది. గుండెపోటుకు చేసే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పు రావచ్చట. జుట్టుకు, గోళ్లకు అని ఏ మాత్రలు వాడుతున్నా రక్తం ఇచ్చే ముందు చెప్పండి. డాక్టరును అడిగి కనీసం రెండు రోజులు ఆపి ఇవ్వండి. నన్నైతే వారం ఆపమన్నారు.

వారం తర్వాత టీఎస్‌హెచ్ 5.4. టీ4 మామూలుగా ఉంది. ఇంత తేడా ఉన్నప్పుడు వెంటనే మాత్ర మొదలుపెట్టరని, రెండు మూడు నెలలకు మళ్లీ చూస్తారని, చాలామందికి దానంతటదే తగ్గుతుందని చెప్పింది. సాధారణంగా 10 దాటితే మాత్ర ఇస్తారట. గర్భంతో ఉన్నవాళ్లు, బిడ్డ కోసం చూస్తున్నవాళ్ల లెక్క వేరు. వాళ్లు నా మాట పట్టుకుని ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలి.

ఆ తర్వాత అడిగింది, "నెలసరి ఎన్ని రోజులు?" అని. ఇన్ని నెలల్లో ఎవరూ అడగని మాట. ఏడు రోజులు, మూడేళ్ల నుంచి అలాగే, బాగా ఎక్కువ. ఫెరిటిన్ అనే పరీక్ష రాసింది. 8 వచ్చింది. ఒంట్లో ఇనుము నిల్వ దాదాపు అడుగంటింది. ఎనభై పరీక్షల ప్యాకేజీలో ఆ ఒక్కటి లేదు. హిమోగ్లోబిన్ 11.1 అని రెండో పేజీలో ఉన్నా దాని చుట్టూ ఎవరూ ఎర్ర సున్నా చుట్టలేదు. ఐరన్ మాత్ర సర్కారు ఆసుపత్రిలో ఉచితంగా దొరుకుతుంది. దాన్ని అమ్ముకుని లాభం ఏముంది వాళ్లకు.

ఇప్పుడు ఐరన్ మాత్ర నిమ్మకాయ నీళ్లతో వేసుకుంటున్నా, టీకి దూరంగా. మేం మాంసం, గుడ్డు తినం కాబట్టి బీ12 కూడా ఇచ్చారు. విటమిన్ డి 60,000 యూనిట్లది వారానికొకటి, ఎనిమిది వారాలు. మా పక్కింటి పిన్నమ్మ దాన్నే రోజుకొకటి వేసుకోబోతుంటే ఆపాను. అలా వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల మీదకు వస్తుంది.

ఏడు వారాలైంది. ఎక్కువ రోజుల్లో బిందె ఆగకుండా పైకి వస్తోంది. జుట్టు ఇంకా రాలుతూనే ఉంది, నెలలు పడుతుందన్నారు. థైరాయిడ్ సంగతి వచ్చే నెల పరీక్షలో తేలాలి.

నేను డబ్బా సీలు తీశాను కాబట్టి డబ్బు వాపసు ఇచ్చేది లేదన్నారు సెంటరు వాళ్లు. ఆ డబ్బా మీదే ఇంగ్లిషులో వైద్య అవసరాలకు కాదని ముద్రించి ఉంది. ఇలాంటి సప్లిమెంట్ల మీద ఆ మాట ఉండాలని ఆహార భద్రత సంస్థ నిబంధన. వాట్సాప్‌లో నాకు పంపిన మెసేజీలో మాత్రం "థైరాయిడ్ పూర్తిగా తగ్గుతుంది" అని రాశారు. రెండింటి ఫొటోలు, బిల్లు పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఐదు లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు. మీరు కూడా ఇలాగే కొని ఉంటే డబ్బా, బిల్లు, మెసేజీలు పారేయకండి, నాకు రాయండి. ఇద్దరం ముగ్గురం కలిసి వెళ్దాం.